ఒక నవల, ఒక బొమ్మల నవల: ఏడాదిగా నా చదువు

ఏడాదిగా నేను ఒక వరసలో చదువుతున్నాను. ఒక తెలుగు నవల, దాని వెనకే ఒక గ్రాఫిక్ నవల, మళ్ళీ తెలుగు నవల. ఎవరో చెబితే మొదలుపెట్టింది కాదు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చదవడం అలవాటైపోయి పెద్ద పుస్తకం పట్టుకుంటే నాలుగు పేజీలకే మనసు ఎటో పోతోంది, మధ్యలో బొమ్మల పుస్తకాలు పెట్టుకుంటే పాత అలవాటు మెల్లగా తిరిగొస్తుందని ఒక ఆశ. అలవాటైతే తిరిగొచ్చింది. దానికంటే పెద్దది ఇంకోటి జరిగింది. బొమ్మ ఏం చెప్పగలదు, మాట ఏం చెప్పగలదు అనేది నాకు విడివిడిగా తెలియడం మొదలైంది, దాంతో కాలేజీ రోజుల్లో ఎప్పుడో చదివేసిన తెలుగు నవలలు కూడా ఇప్పుడు కొత్తగా కనిపిస్తున్నాయి. చదివిన వరసలోనే చెబుతాను, కొన్నిటి గురించి ఎక్కువ, కొన్నిటి గురించి తక్కువ.

మొదట దొరికింది మౌస్. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ రెండు భాగాలూ కలిపి వేసిన ప్రతి కనిపించింది. ఆర్ట్ స్పీగల్‌మన్ తన తండ్రి వ్లాడెక్‌ని కూర్చోబెట్టి ఆయన చేత కథ చెప్పించుకుని గీసిన పుస్తకం ఇది. పోలండ్‌లో ఒక యూదు కుటుంబం, నాజీలు, వాళ్ళ మరణ శిబిరం ఆష్‌విట్జ్, అక్కణ్ణుంచి ప్రాణాలతో బయటపడి న్యూయార్క్‌లో ముసలివాడైన తండ్రి. యూదుల్ని ఎలుకలుగా, జర్మన్లని పిల్లులుగా గీశాడనీ, 1992లో పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక పురస్కారం ఇచ్చారనీ ముందే విని ఉన్నాను. నేను విననిది ఏమిటంటే, ఆ తండ్రితో వేగడం ఎంత కష్టమో అని. సగం తిన్న సీరియల్ డబ్బాని కొట్టుకి పట్టుకెళ్ళి వాపసు ఇచ్చేస్తాడు. గ్యాస్ అద్దెలోనే కలిసి ఉంటుంది కాబట్టి, అగ్గిపుల్లలు ఖర్చవుతాయని పొయ్యి ఆర్పకుండా వెలుగుతూనే వదిలేస్తాడు. కారులో ఒక నల్లజాతి మనిషిని ఎక్కించుకున్నందుకు కోడలి మీద మండిపడతాడు. అంత నరకం చూసి వచ్చినవాడు ఇంకొకడి పట్ల అలా ఎలా మాట్లాడతాడు అని నాకు కోపం వచ్చి పుస్తకం పక్కన పెట్టేశాను, మర్నాడు మళ్ళీ తీశాను. కొడుకు ఇదంతా దాచకుండా గీయడమే ఆ పుస్తకం గొప్పతనం అని నా నమ్మకం. బాధలు పడ్డవాళ్ళు మంచివాళ్ళై తీరాలని లేదు, వాళ్ళ మీద జరిగిన అన్యాయం అన్యాయమే కావడానికి వాళ్ళు మంచివాళ్ళై ఉండాల్సిన అవసరమూ లేదు.

దీన్ని చదివేటప్పుడే నాకొక పద్ధతి కుదిరింది. నా కళ్ళు మాటల కోసం పరిగెత్తుతున్నాయి, బొమ్మని దాటేసి పోతున్నాయి. అందుకని ప్రతి పేజీనీ ముందు బొమ్మలు మాత్రమే చూస్తూ ఒకసారి, తర్వాత మాటలతో కలిపి ఇంకోసారి చదవడం మొదలుపెట్టాను. అలా చూస్తున్నప్పుడే, ఎలుకల మధ్యలో ఉన్నట్టుండి మనుషుల మొహాలతో నాలుగు పేజీలు వచ్చాయి. అది ఆర్ట్ తన తల్లి ఆత్మహత్య గురించి చాలా ఏళ్ళ ముందు వేరుగా గీసిన కథ, గీత కూడా వేరు, ముదురు నలుపుతో కరుకుగా ఉంటుంది. అప్పటిదాకా ఎలుక మొహాలకి అలవాటు పడిపోయిన నాకు మనిషి మొహమే భయం పుట్టించింది. ఈ పని మాటల్లో ఏ రచయిత చేయగలడో నాకు తెలియదు. ఇక తల్లి రాసుకున్న డైరీలని తండ్రే కాల్చేశాడని కొడుక్కి తెలిసే చోటు, అక్కడ ఆర్ట్ తండ్రిని అనే మాట, అవి చదివాక వెంటనే ఇంకేమీ చదవాలనిపించలేదు.

తర్వాత అంపశయ్య తీశాను. 1969లో వచ్చిన నవీన్ నవల. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకునే రవి జీవితంలో ఒక్క రోజు, పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి రాత్రిదాకా, అతని తలలో తిరిగే ఆలోచనలే కథ. హాస్టల్, అప్పులు, మెస్ బిల్లు, పల్లెలో అమ్మానాన్న, అమ్మాయిలు, పరీక్షల టెన్షన్. డిగ్రీలో ఉండగా దీన్ని సగంలో వదిలేశాను, ఏమీ జరగట్లేదని. మౌస్ చదివిన కళ్ళతో చదివితే మాత్రం ఇందులో ప్రతి క్షణం ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. రవి ఒకటి ఆలోచిస్తాడు, పైకి ఇంకోటి అంటాడు, ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరమే అతని బాధంతా. బొమ్మల కథలో ఒక్కో బొమ్మా ఒక్కో గడిలో ఉంటుంది, గడికీ గడికీ మధ్య ఖాళీని మనమే నింపుకుంటాం, ఇక్కడ నవీన్ ఆ ఖాళీనే పట్టుకుని పుస్తకమంతా రాశాడు. డబ్బులేని కుర్రాడు డబ్బున్న స్నేహితుల మధ్య కూర్చున్నప్పుడు పడే ఆ ముడుచుకుపోవడం ఉంది చూడండి, అది నాకు తెలుసు, నేను జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్ హాస్టల్లో ఉన్న మొదటి ఏడాది అంతా అదే. కొన్నిచోట్ల సాగదీసినట్టు అనిపిస్తుంది, ఆడపిల్లల గురించి రవి ఆలోచనలు కొన్ని ఇబ్బంది పెట్టాయి, అయినా పూర్తి చేశాక ఈ నవల ఇన్నాళ్ళు చదవకుండా ఎలా ఉన్నాను అనిపించింది.

భీమాయన గురించి ఎంత చెప్పినా తక్కువే. అంబేడ్కర్ జీవితంలోని అవమానాలని మధ్యప్రదేశ్‌కి చెందిన పర్ధాన్ గోండ్ ఆదివాసీ చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు, 2011లో నవయాన ప్రచురించింది, మాటలు శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లవి. ఇందులో గడులు ఉండవు. మనుషుల్ని పెట్టెల్లో బిగించి గీయడం ఆ చిత్రకారులకి ఇష్టం లేదు, అందుకని పేజీ అంతా తమ సంప్రదాయంలోని ముగ్గు లాంటి గీతలతో పారుతూ ఉంటుంది. మెత్తగా మాట్లాడేవాళ్ళ మాటలు పిట్ట ఆకారంలో వస్తాయి, విషం కక్కేవాళ్ళ మాటలకి తేలు కొండి ఉంటుంది. నేను కొన్ని పేజీలు మాటలు చదవకుండా కొండి ఎక్కడుందో వెతుక్కుంటూ చూశాను. రైలు పాములా వంకర్లు తిరుగుతుంది. స్కూల్లో చిన్న భీముడికి, అంటే అంబేడ్కర్‌కి, నీళ్ళ కుండ ముట్టుకునే హక్కు లేదు, ప్యూన్ పోస్తేనే తాగాలి, ప్యూన్ రాకపోతే నీళ్ళు లేవు. గోరేగావ్‌లో ఉన్న నాన్న దగ్గరికి పిల్లలు బయల్దేరిన ప్రయాణం నిండా దాహమే, దారి పొడుగునా వాళ్ళకి నీళ్ళిచ్చేవాడు లేడు. అలాంటి పిల్లవాడు పెద్దవాడై 1927లో, అంటరానివాళ్ళని నీళ్ళు ముట్టనివ్వని మహద్ చెరువు దగ్గర మాట్లాడుతుంటే, ఆ పేజీలో లౌడ్‌స్పీకర్లలోంచి జనం మీద నీళ్ళు చిలుకుతున్నట్టు గీశారు. అక్కడ నాకు ఏడుపొచ్చింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మహద్ గురించి పాఠంగా చదివాను, ఉపన్యాసాల్లో విన్నాను, కానీ దాహంతో మొదలుపెట్టి ఆ నీళ్ళ దాకా ఎవరూ నన్ను ఇలా నడిపించలేదు.

ఆ తర్వాత చదివింది మాటలే లేని పుస్తకం. ఆస్ట్రేలియా చిత్రకారుడు షాన్ టాన్ గీసిన ది అరైవల్, 2006లో వచ్చింది. ఆయన తండ్రి మలేషియా నుంచి వలస వెళ్ళినవాడు. భార్యనీ కూతుర్నీ వదిలి ఒకాయన ఓడెక్కి, తెలియని దేశానికి పోతాడు, అక్కడి అక్షరాలు కూడా ఆయన చదవలేడు, మనమూ చదవలేం, ఎందుకంటే అవి షాన్ టాన్ కల్పించిన అక్షరాలు. ఈ పుస్తకం నేను ఒంటరిగా చదవలేదు. అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది అప్పుడు. అమ్మ మూడో తరగతితో ఆగిపోయింది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, నా చేతిలో పుస్తకం చూసి పక్కన కూర్చుంది. మొదటి పేజీల్లో ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే, గడియారం, టోపీ, టీ కెటిల్, పాప గీసిన బొమ్మ, తర్వాత పెట్టె, పెట్టెలోకి కుటుంబం ఫొటో. ఇక్కడ ఇద్దరం ఆగాం.

"మీ మామ గూడ గిట్లనే సర్దుకున్నడు బిడ్డా, ఫొటో అడుగున బట్టల నడుమ పెట్టిండు" అంది అమ్మ.

అమ్మది నిజామాబాద్ దగ్గర పల్లె. మామయ్య కూలి పనికి దుబాయ్ పోయి చాలా ఏళ్ళు ఉండి వచ్చాడు. నేను చిన్నప్పటి నుంచి మామయ్యని సెలవులకి వచ్చే మనిషిగానే చూశాను, సబ్బులు, సెంటు, చాక్లెట్లు తెచ్చే మనిషిగా. ఆయన పోయేముందు ఇంట్లో ఏం జరిగిందో ఎప్పుడూ అడగలేదు, అమ్మా ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు ఈ పుస్తకాన్ని పేజీ పేజీకీ ఆపి అమ్మే చెప్పింది. కథలో ఆయనకి పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది, అక్షరాలు రాక అన్నీ తలకిందులుగా అంటిస్తాడు. నేను నవ్వబోతే అమ్మ నవ్వలేదు. "సదువు రాకపాయె, ఆయనకెట్ల ఎరుకైతది" అంది. మామయ్య కూడా మొదట్లో బోర్డులు చదవలేక, తాముండే క్యాంపు గేటుకి వేసిన రంగు చూసి గుర్తుపట్టేవాడట. ఇంకో రెండు పేజీలు తిప్పగానే, "పెండ్లాం పిల్ల ఆడికి వస్తరా రారా, అది చెప్పు ముందుగాల" అని పట్టుబట్టింది. వస్తారు. చివర్లో ఆ పాపే కొత్తగా వచ్చిన ఇంకొకరికి దారి చూపిస్తుంది. అమ్మ ఆ పేజీ చాలాసేపు చూసింది. "మనోళ్లకు గట్ల యాడైతది" అని లేచి వంటింట్లోకి పోయింది. నిజమే, గల్ఫ్‌లో కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే ఇంత జీతం ఉండాలని నియమాలుంటాయి, క్యాంపుల్లో ఉండే కూలీలకి అంత జీతం ఉండదు, అత్తయ్య ఒక్కసారి కూడా ఆ దేశం చూడలేదు. షాన్ టాన్ పుస్తకం నాకు ప్రాణం, అయినా అమ్మ అన్న ఆ మాట పట్టుకునే చదువుతాను ఇకమీదట. మా ఊళ్ళ కథకి ఆ ముగింపు సరిపోదు.

పెర్సెపొలిస్ గురించి క్లుప్తంగా చెబుతాను. మర్జానే సత్రపి ఇరాన్‌లో తన చిన్నతనం, 1979 విప్లవం, యుద్ధం, ఆ తర్వాత వియన్నా. చిన్న పాప కళ్ళతో చెప్పిన సగం అద్భుతం, ముఖ్యంగా జైలు నుంచి వచ్చిన నాన్న సోదరుడు అనూష్‌తో ఆ పాపకి ఉన్న దగ్గరితనం. వియన్నా భాగం నాకు అంత పట్టలేదు, మనుషులు వస్తున్నారు పోతున్నారు, ఎవరూ నిలబడలేదు.

కేశవరెడ్డి నవల అతడు అడవిని జయించాడు ఈ వరసలో ఎందుకు పెట్టుకున్నానంటే, ఆయన చిత్తూరు జిల్లాలో పుట్టినా డాక్టరుగా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసి మా నిజామాబాద్ వైపే ఉండిపోయాడు, మా ఊళ్ళల్లో ఆ ఆసుపత్రి తెలియనివాళ్ళు లేరు. ఈనడానికి అడవిలోకి పోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు రాత్రిపూట అడవిలోకి పోతాడు. కథ అంతే. బొమ్మల పుస్తకాలు చదివి చదివి ప్రతి పేరాకీ మనసులో ఒక గడి గీసుకునే అలవాటు వచ్చింది కదా, ఇక్కడ అది పనిచేయలేదు. ఎందుకంటే ముసలివాడికి సగం సేపు ఏమీ కనిపించదు, వినపడుతుంది, వాసన తెలుస్తుంది, కాలికి తగులుతుంది. చీకట్లో ఒక చప్పుడు వినగానే అది ఏ జంతువు, ఎంత దూరంలో ఉంది, ఆకలి మీద ఉందా అని అతను లెక్క కట్టే తీరు చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. గీస్తే ఇదంతా పోతుంది. దీన్ని గ్రాఫిక్ నవలగా తెస్తే బాగుంటుందని ఒక స్నేహితురాలు అంది, నేను గట్టిగా వద్దన్నాను, చాలాసేపు వాదించుకున్నాం.

అంపశయ్యని మాత్రం గీయాలి, అది నా కోరిక. రవి మొహం ఒక గడిలో నవ్వుతూ, ఆ పక్క గడిలో అతని తలలో నడుస్తున్నది, ఉస్మానియా చెట్లు, హాస్టల్ గది, సాయంత్రం రోడ్లు. మనకి గీసేవాళ్ళు లేక కాదు. 1947 నుంచి చందమామ చూసి పెరిగిన ఇళ్ళు మనవి, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు కత్తిరించి దాచుకున్నవాళ్ళున్నారు, బాపు గీసిన ఒక్క గీతతో మనిషి స్వభావం తెలిసిపోయేది. అంత ఉండి కూడా పెద్దవాళ్ళు చదువుకునే బొమ్మల నవలలు తెలుగులో ఇంత తక్కువగా ఉండటం నాకు నిజంగా బాధ. ఖర్చు ఎక్కువ, ఒక్క పుస్తకం గీయడానికి ఏళ్ళు పడుతుంది, కొనేవాళ్ళు ఉంటారో లేదో తెలియదు, ఇవన్నీ ఉన్న ఇబ్బందులే. అందుకే ఎక్కడైనా ఒకటి కనిపిస్తే కొనాలని నిర్ణయించుకున్నాను.

ఆఖరున చదివింది కాలాతీత వ్యక్తులు. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన నవల, ఆవిడ 1961లో చిన్న వయసులోనే చనిపోయింది. విశాఖపట్నంలో ఇందిర, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తనకేం కావాలో తనకి బాగా తెలిసిన పిల్ల. నాకు ఇందిర నచ్చింది, నవలలోని మిగతా అమ్మాయిలు కల్యాణి కంటే, వసుంధర కంటే కూడా. ప్రకాశం లాంటి పిరికివాడి కోసం ఏడుస్తూ కూర్చోకుండా తన దారి తను చూసుకుంటుంది, అందుకు ఆమెని స్వార్థపరురాలు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళతో నేను ఒప్పుకోను. ఒకరి సంపాదన మీద ఇంకొకరు బతికే ఇంట్లో పెరిగిన ఆడపిల్ల లెక్కలు వేసుకోకపోతే ఎవరు వేస్తారు ఆమె కోసం?

ఇప్పుడు కొండపొలం సగంలో ఉంది, కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కినవాళ్ళ కథ. దాని తర్వాత ఒరిజిత్ సేన్ 1994లో నర్మద లోయ మనుషుల గురించి గీసిన రివర్ ఆఫ్ స్టోరీస్ చదవాలి, ఒకరు ఇస్తానన్నారు.