పాత పైపులు, హవాయి చెప్పులు, మోహన రాగం

పాత ఇనుముతో తెనాలి శిల్పులు చేసే నిలువెత్తు విగ్రహాలు చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి. కానీ పారేసిన వస్తువులతో చేసి బడి ఆవరణలోనో కాలనీ పార్కులోనో పెట్టే కళాకృతికి పిల్లల చేతులు తగలాలి, తగిలినప్పుడల్లా అది పలకాలి. అలాంటివాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం పైపుల వాద్యం. ఇళ్లు కూల్చినచోట మిగిలిన పీవీసీ ముక్కలు, పట్టీ తెగిన హవాయి చెప్పులు, నవారు పోయిన ఇనప మంచం ఉంటే చాలు. మురుగు నీళ్లు పారిన పైపులు మాత్రం వద్దు.

రెండు వైపులా తెరిచి ఉన్న పైపు మూతిని చెప్పుతో చరిస్తే లోపలి గాలి మోగుతుంది. పొడవు తగ్గేకొద్దీ స్వరం పైకి పోతుంది. 63 ఎం.ఎం. (బయటి వ్యాసం) పైపుకైతే ఒకటి శ్రుతి షడ్జమానికి (స), అంటే 131 హెర్ట్జ్‌కి, 130 సెంటీమీటర్లు కావాలి. అక్కణ్ణుంచి రి 115, గ 103, ప 85.5, ద 76.5, పై స 63. అన్నీ కలిపితే 573. ఆరు మీటర్ల నిండు పైపు ఒక్కటి దొరికినా సరిపోతుంది.

ఇవి మోహన స్వరాలు. మ, ని లేవు కాబట్టి మరీ దగ్గరగా, అర స్వరం తేడాతో ఉండి ఒకదానితో ఒకటి గీసుకునే స్వరాల జంట ఇందులో ఒక్కటీ లేదు. పదిమంది పిల్లలు ఒకేసారి ఇష్టమొచ్చినట్టు కొట్టినా వినసొంపుగానే ఉంటుంది. సంగీతం రాని మూడేళ్ల పాప కూడా ధైర్యంగా చెయ్యి వేయాలంటే ఈ ఎంపిక ముఖ్యం. దొరికిన ముక్కల్ని దొరికిన పొడవుల్లోనే బిగిస్తే గోల తప్ప ఏమీ రాదు, రెండోరోజు ఎవరూ దాని దగ్గరికి రారు.

అపస్వరం ఎక్కువగా లెక్కలోనే పుడుతుంది. పై షడ్జమానికి సగం పొడవు కదా అని 65 దగ్గర కోసేస్తారు. గాలి కంపనం పైపు చివరల్ని దాటి కొంచెం బయటికి కూడా సాగుతుంది. ఆ అదనం రెండు చివరలా కలిపి లోపలి వ్యాసంలో 0.6 వంతు, ఈ పైపుకు సుమారు 3.5 సెంటీమీటర్లు. 130కి దాన్ని కలిపి, సగం చేసి, మళ్లీ తీసేస్తే 63 పైచిలుకు వస్తుంది. వేరే సైజు పైపైతే దాని వ్యాసంతో మళ్లీ లెక్క వేయాలి. ఎలాగూ ఒక సెంటీమీటరు ఎక్కువ ఉంచి హాక్సాతో కోసి, ఫోనులో స్వరం ఎంత పైనుందో చూపే ట్యూనర్ యాప్ చూస్తూ అరగదీయడం మేలు. తగ్గించడం సులువు, అతికించలేం. గీత వంకర పోకుండా పైపు చుట్టూ కాగితం చుట్టి దాని అంచు వెంట కోయాలి. కోసిన అంచుల్ని ఎమెరీ కాగితంతో నున్నగా చేయాలి, లేకపోతే వేళ్లు గీసుకుంటాయి. ఎండ వేడికి శ్రుతి కాస్త పెరుగుతుంది గానీ పైపులన్నీ కలిసే పెరుగుతాయి కాబట్టి రాగం చెడదు.

మంచం మీద పైపుల్ని 15 సెంటీమీటర్ల ఎడంతో పరిచి, మూతులు ముందుపట్టె దాటి 15 సెంటీమీటర్లు బయటికి ఉండేలా చూడాలి. ముందుపట్టె నుంచి 35, 75 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా రెండు పాత ఇనప పైపులు వేయాలి, పొట్టివాటికీ పొడుగువాటికీ ఆనిక దొరుకుతుంది. మూతులు నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున, వెనక వైపు వాలుగా ఉంటే వాన నీళ్లు దిగిపోతాయి. ఇటుకలు పేర్చి వదిలేయకూడదు, పిల్లలు ఎక్కుతారు. కాళ్లను కాంక్రీటులో నాటాలి.

బిగించడానికి పైపు మధ్యలో రంధ్రం వేస్తే స్వరం పాడవుతుంది. గాలి ఒత్తిడి ఎక్కువగా మారేది సరిగ్గా అక్కడే. పాత సైకిలు ట్యూబు ముక్కలతో కడితే చాలు. దెబ్బలకు వెనక్కి జరగకుండా ముందుపట్టెకు ఆనేలా పైపుకి నాలుగైదు చుట్లు అదే ట్యూబు చుట్టాలి. ఎండకు రబ్బరు పగులుతుంది, అప్పుడప్పుడు మార్చాల్సిందే.

చెప్పు అట్ట మూతిని పూర్తిగా కప్పాలి, కొట్టిన వెంటనే లేవాలి. అక్కడే నొక్కి ఉంచితే మూసిన పైపయి, దాదాపు ఒక స్థాయి (పై స నుంచి కింది స అంత) కిందికి పడి మూగగా వినిపిస్తుంది. ఇది పిల్లలకు చెప్పక్కర్లేదు, కాసేపట్లో వాళ్లే కనిపెడతారు. చెప్పుల్ని తాడుతో కట్టేటప్పుడు పొడవు 50 సెంటీమీటర్లు దాటకూడదు, మెడకు చుట్టుకునే ప్రమాదం.

రంగులు కాలనీవాళ్ల చేత వేయించండి. ముందు గరుకు కాగితంతో రుద్దకపోతే పీవీసీ మీద పెయింటు పెచ్చులుగా ఊడుతుంది. రంగు ఉంటే ఎండకు పైపు తొందరగా పెళుసెక్కదు కూడా. కిటికీల పక్కన మాత్రం పెట్టొద్దు. కింది షడ్జమం గోడల్లోంచి కూడా వినిపిస్తుంది.