పదకొండో బెడ్ బీపీ నేనే చూస్తాను

ఈరోజు మధ్యాహ్నం డ్యూటీ, రెండు నుంచి ఎనిమిది. ఫిమేల్ మెడికల్ వార్డు. లెక్క ప్రకారం ఇద్దరు స్టాఫ్ నర్సులం ఉండాలి. రెండున్నర కాకుండానే ఒకరిని క్యాజువాలిటీకి పంపేశారు. మిగిలింది నేను, ఎఫ్‌ఎన్‌ఓ (ఆడ వార్డు సహాయకురాలు) అక్క, పక్క వార్డుతో కలిపి పంచుకునే ఎంఎన్‌ఓ (మగ వార్డు సహాయకుడు) అన్న, జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చదివే సెకండియర్ పిల్లలు ముగ్గురు. బెడ్లు 30, పేషెంట్లు 34. మిగతా నలుగురు ఎక్కడ పడుకున్నారని అడగొద్దు. జ్వరాల సీజన్‌లో ప్రభుత్వాసుపత్రి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో జనరల్ వార్డుకి బోధనాసుపత్రి అయితే ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రి అయితే ఐదుగురికి ఒకరు. ఆ కాగితం గోడకి అతికించి రోజూ దండం పెట్టుకోవచ్చు.

అందుకే హ్యాండోవర్ అయ్యాక కాసేపు మందుల ట్రాలీ జోలికి పోను. వార్డంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, తెల్లకాగితం మీద ఎవరికే పని ఇవ్వాలో రాసుకుంటాను. రాయడం మాత్రం అటునుంచి మొదలుపెడతాను. ఏది ఎవరికీ ఇవ్వకూడదో ముందు తేల్చుకుంటే, మిగతాది పంచడం ఎంతసేపు? ఈరోజు నా దగ్గరే ఉంచుకున్నవి: పదకొండో బెడ్ డెంగ్యూ, ఐదో బెడ్‌కి పొద్దున వచ్చిన పక్షవాతం, ఇరవై రెండుకి ఎక్కాల్సిన రక్తం, ఇన్సులిన్లన్నీ.

"బీపీ, నాడి, జ్వరం, వైటల్స్ అన్నీ మేం చూసేస్తాం మేడం" అంది పిల్లల్లో కాస్త చురుకైన అమ్మాయి. చూడమన్నాను. పదకొండు మాత్రం వదిలెయ్యమన్నాను. "బీపీయే కదా మేడం?" అని మొహం చిన్నబుచ్చుకుంది. నిజమే, బీపీయే. పదో బెడ్ ఆవిడకి ఏళ్ళ తరబడి బీపీ మాత్రలు, రేపు డిశ్చార్జి. ఆవిడ బీపీ ఎవరు చూసినా ఒకటే, అంకె సరిగ్గా రాస్తే చాలు. పక్క బెడ్‌లో ఉన్న డిగ్రీ అమ్మాయికి జ్వరం మొదలై ఐదో రోజు. పొద్దున్నుంచి జ్వరం లేదు. వాళ్ళమ్మ మొహంలో వెలుగు వచ్చింది, ఇంక ఇంటికి పంపేస్తారా అని అడుగుతోంది. డెంగ్యూలో నాకు భయం వేసేది సరిగ్గా అప్పుడే. జ్వరం దిగే వేళకే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారడం మొదలవుతుంది. ఆ ఒకటి రెండు రోజులు గడిస్తే గండం గడిచినట్టే.

మూడున్నరకి చూస్తే 108/76. ఐదింటికి 104/82. ఆ చురుకైన స్టూడెంట్‌ని పిలిచి ఈ రెండు చూపించి ఎలా ఉందని అడిగాను. "నార్మలే కదా మేడం" అంది. ఏ అంకెకా అంకె చూస్తే ఎవరికైనా నార్మలే. పై అంకెలోంచి కింది అంకె తీసెయ్యమన్నాను. మొదట 32, ఇప్పుడు 22. ఆ తేడా 20కి దిగిందంటే షాక్‌లోకి జారుతున్నట్టే. పై అంకె పడిపోయేదాకా చూస్తూ కూర్చుంటే చెయ్యి దాటిపోతుంది. తర్వాత పేషెంట్ చెయ్యి పట్టుకోమన్నాను. పట్టుకుని నా వంక చూసింది. చల్లగా ఉంది. గోరు నొక్కి వదిలితే రంగు రావడానికి రెండు సెకన్లకి మించి పట్టింది. మూత్రం ఎప్పుడు వెళ్ళిందని వాళ్ళమ్మని అడిగితే, పొద్దున టిఫిన్‌కి ముందు అంది. కడుపు నొప్పని అరగంట నుంచి అంటోందట, మజ్జిగ పడలేదేమో అనుకున్నారట.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఇవన్నీ వరసగా చెప్పాను. వెంటనే వచ్చారు. సెలైన్ పెంచారు, హెమటోక్రిట్‌కి రక్తం పంపించారు. పొద్దున 38 ఉన్నది 46 వచ్చింది. రక్తం చిక్కబడుతోందన్నమాట. మేం ఇంత కంగారుపడుతుంటే వాళ్ళ బాబాయి పక్కనే నిలబడి "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి సిస్టర్, బొప్పాయి ఆకు రసం పట్టించమంటారా" అంటాడు. ఊళ్ళో అందరికీ ప్లేట్‌లెట్లే కావాలి, ఒంట్లో నీళ్ళ లెక్క ఎవరికీ అక్కర్లేదు.

ఆ బెడ్ దగ్గర కూడా అన్నీ నేనే పట్టుకు కూర్చోలేదు. వాళ్ళమ్మ చేతికి కొలత గీతలున్న సీసా ఇచ్చాను. మూత్రం వెళ్ళిన ప్రతిసారీ కొలిచి, టైమూ అంకే అట్టముక్క మీద రాయమన్నాను. వాంతి, కడుపు నొప్పి పెరగడం, మగతగా ఉండటం, ఎక్కడైనా రక్తం కనబడటం, వీటిలో ఏదొచ్చినా నేను ఏ పనిలో ఉన్నా సరే వచ్చి పిలవమన్నాను. ఆవిడ చదివింది ఐదో క్లాసట. అట్టముక్క మీద అంకెలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. ఏడున్నరకి బీపీ తేడా 30కి వచ్చింది, చేతులు వెచ్చబడ్డాయి. సీసాలో 150 ఎంఎల్ చూపించి నవ్వింది.

అమెరికా వెళ్ళడానికి ఎన్‌క్లెక్స్ పరీక్షకి చదువుతున్న నా స్నేహితురాలు అప్పుడప్పుడు ప్రశ్నలు పంపిస్తుంటుంది. ఈ పనుల్లో సహాయకులకి ఇవ్వదగ్గది ఏది, నలుగురు పేషెంట్లలో ముందు ఎవర్ని చూస్తావు, ఇలాంటివి. అక్కడి నర్సింగ్ సంఘాలు ఐదు సూత్రాలు పెట్టుకున్నాయి. పని సరైనదా, సందర్భం సరైనదా, మనిషి సరైనవాడా, చెప్పింది స్పష్టంగా ఉందా, తర్వాత వెళ్ళి చూసుకున్నావా అని. పేషెంట్ పరిస్థితిని అంచనా వెయ్యడం, ఇంటిదగ్గర ఎలా చూసుకోవాలో నేర్పడం, చేసిన పని ఫలించిందో లేదో తేల్చడం నర్సు వేరేవాళ్ళ చేతిలో పెట్టకూడదు. బాగా ఆలోచించి రాసిన సూత్రాలే, నేను వెక్కిరించను. కాకపోతే మా వార్డులో సగం పని చేసేది పేషెంట్ తాలూకు మనుషులు. వాళ్ళు ఏ సూత్రంలోనూ లేరు, ఏ డ్యూటీ చార్టులోనూ లేరు.

పద్నాలుగో బెడ్ ముసలమ్మ కూతుర్నే తీసుకోండి. తల్లికి ముక్కు పైపులోంచి జావ పోసేది ఆవిడే. నేర్పింది మేమే. తలవైపు మంచం ఎత్తాలి. పైపుకి ముక్కు దగ్గర వేసిన గుర్తు జరిగిందేమో చూడాలి. సిరంజితో లాగితే కడుపులోది రావాలి. సిరంజి ఎత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగాలి, వెనకనుంచి నొక్కకూడదు. పోశాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. గుర్తు జరిగితే, దగ్గొస్తే చుక్క కూడా పొయ్యకుండా నన్ను పిలవాలి. ఆవిడ నా ముందు చేసి చూపించాకే వదిలాను. ఇప్పటికీ రోజూ ఒకసారి ఆవిడ పోస్తుంటే పక్కన నిలబడతాను. మా పిల్లలకన్నా ఆవిడే ఒద్దికగా చేస్తుంది.

ఐదో బెడ్ దగ్గర కథ వేరు. అదీ పక్షవాతమే, అక్కడా ఆకలే. కొడుకు ఫ్లాస్కులో టీ పట్టుకుని నిలబడ్డాడు. "పొద్దున్నుంచి ఏమీ తాగలేదు, కొంచెం పట్టమంటారా" అని ఎంఎన్‌ఓ అన్నని అడుగుతున్నాడు. అన్న నా వైపు వేలు చూపించాడు, మంచిపని చేశాడు. మొదటి గుటక ఎవరికీ ఇవ్వను. కూర్చోబెట్టి చెంచాడు నీళ్ళు పట్టాను. మింగింది. రెండో చెంచాకి దగ్గింది, "అమ్మా, పేరేంటి" అంటే గొంతు గరగరలాడింది. అంటే నీళ్ళు దారి తప్పుతున్నాయి. నోటినుంచి ఏమీ ఇవ్వొద్దని కేస్ షీట్‌లో రాసి, మంచానికి కాగితం కట్టి, డాక్టర్‌కి చెప్పాను. కొడుక్కి కోపం వచ్చింది. ఆ టీ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని చెప్పాక ఫ్లాస్కు మూతపెట్టాడు.

ఎంఎన్‌ఓ అన్న గురించి ఇంకో మాట రాయాలి. పద్దెనిమిదో బెడ్ ఆయాసం ఆవిడని ఎక్స్‌రేకి తీసుకెళ్ళమన్నాను. వీల్‌చైర్ తెచ్చి, ఆవిడని చూసి, వెనక్కి వచ్చాడు. "మేడం, ఈవిడ ఊపిరి తీరు నాకు నచ్చట్లేదు. డాక్టర్‌గారు ఒకసారి చూశాకే తీసుకెళ్తా." వెళ్ళి చూస్తే ఆక్సిజన్ 85. మధ్యాహ్నం 91 ఉంది. నెబ్యులైజేషన్ పెట్టించాం, ఎక్స్‌రే రాత్రికి వాయిదా. చెప్పిన పని చెయ్యనన్నాడని విసుక్కునే సిస్టర్లు లేకపోలేదు. నేనైతే అలా వెనక్కొచ్చేవాళ్ళకే ధైర్యంగా పనిస్తాను. ఏది చెప్పినా సరే మేడం అని వెళ్ళిపోయేవాళ్ళంటేనే నాకు టెన్షన్.

అక్కకి పని చెప్పే పద్ధతి కూడా నెమ్మదిగా మార్చుకున్నాను. "మూత్రం బ్యాగులు చూడక్కా" అంటే చూస్తుంది, ఖాళీ చేస్తుంది, అంకె గాలికి పోతుంది. ఇప్పుడు ఇలా చెప్తాను: "అక్కా, నాలుగు, ఏడు, పద్నాలుగు బ్యాగులు ఐదింటికి ఖాళీ చెయ్యి. ఎంతుందో ఈ కాగితం మీద రాయి. రెండింటికి ఖాళీ చేశారు కాబట్టి 100 కన్నా తక్కువున్నా, ఎర్రగా ఉన్నా, కాగితం తర్వాత, ముందు నన్ను పిలువు." గంటకి 30 ఎంఎల్ అనే లెక్క ఆవిడకి చెప్పక్కర్లేదని మొదట్లో అనుకునేదాన్ని. ఒకసారి చెప్పి చూశాను. ఇప్పుడు నేను అడక్కముందే "ఏడుకి మూడు గంటల్లో 70యే వచ్చింది మేడం" అంటుంది.

రెండు గంటలకోసారి పేషెంట్లని తిప్పడం అక్క పనే. పుండు పడిందా లేదా తేల్చి రాసేది నర్సు అని పుస్తకంలో ఉంటుంది. కానీ తిప్పేటప్పుడు నడుం కింద చర్మం చూసేది ఎవరు? ఈరోజు ఏడో బెడ్‌కి ఎర్రటి మచ్చ ఉందని, వేలితో నొక్కినా తెల్లబడట్లేదని ఆవిడే చెప్పింది. నేను వెళ్ళి చూసి రాశాను, ఎయిర్ బెడ్ అడిగాను. రిజిస్టర్‌లో ఉన్నది నా సంతకం, కళ్ళు మాత్రం అక్కవి.

రక్తం ఎక్కించడం ఆరుంబావుకి మొదలైంది. బ్యాగు నంబరు, గ్రూపు, పేరు ఇద్దరు సరిచూడాలి. ఆ రెండో మనిషిగా స్టూడెంట్‌ని పెట్టుకోను, పక్క వార్డు సిస్టర్‌ని బతిమాలి పిలుచుకున్నాను. మొదటి పదిహేను నిమిషాలు కదలకూడదు, రియాక్షన్ వస్తే ఎక్కువగా అప్పుడే తెలుస్తుంది. ఆ పావుగంట మిగతా వార్డంతా అక్కకీ పిల్లలకీ వదిలేసినట్టే. ఎవరైనా ఆయాసపడితే, పిలిస్తే పలక్కపోతే, ఫిట్స్ వస్తే గట్టిగా అరవండి, మిగతావన్నీ ఆగుతాయి అని చెప్పాను. ఈలోపు రెండు సెలైన్ సీసాలు అయిపోయాయి, ఒకావిడ దుప్పటి కోసం పోట్లాడింది. ఆగాయి.

అంతకుముందు ఇన్సులిన్ దగ్గరే కాస్త హడావిడి అయింది. షుగర్ చూడటం పిల్లలు చేస్తారు, అందులో నాకు అభ్యంతరం లేదు. ఇంజెక్షన్ కూడా వాళ్ళే ఇస్తారు, నేను పక్కన ఉంటేనే. భోజనం ట్రాలీ వార్డులోకి వచ్చిందని అక్క కేకేసేదాకా సిరంజిలోకి మందు లాగనివ్వను. ఇన్సులిన్ పడ్డాక కూడు రాకపోతే షుగర్ దబ్బున పడిపోతుంది. ఈరోజు ట్రాలీ వచ్చింది, మా అమ్మాయి పది యూనిట్లు లాగి చూపించింది. గీత సరిగ్గా పది మీదే ఉంది. మూత చూస్తే ఆరెంజ్. వయల్, అంటే మందు సీసా, ఏమో ఎంఎల్‌కి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. ఆరెంజ్ మూతది ఎంఎల్‌కి 100 యూనిట్ల మందుకి వాడే సిరంజి. దాంట్లో పది గీత దాకా లాగితే ఈ వయల్లోంచి వచ్చేది నాలుగు యూనిట్లే. తిరగేస్తే, అంటే 100 వయల్‌కి ఎర్ర మూత సిరంజి వాడితే, పదికి బదులు పాతిక పడుతుంది. ఆ అమ్మాయిని తిట్టలేదు. ట్రేలో రెండు రకాలూ కలిసే ఉన్నాయి, చేతికి అందింది తీసింది. ముగ్గురినీ పిలిచి రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి లెక్క వాళ్ళచేతే చేయించాను. అప్పటికి ట్రాలీలో సాంబారు చల్లారిపోయింది.

"100 వయల్ మన వార్డులో లేదు కదా మేడం, ఆ సిరంజిలు ఎందుకున్నాయి?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఏ పేషెంట్ తాలూకువాళ్ళో బయట కొని, డిశ్చార్జి అయ్యాక వదిలేసి ఉంటారు. ఎనిమిదింటికి వచ్చిన నైట్ సిస్టర్‌కి ముందు పదకొండూ ఐదూ అప్పజెప్పి, తర్వాత ట్రే చూపించాను. ఇద్దరం కలిసి ఆరెంజ్ మూతలన్నీ ఏరి కవర్లో కట్టి ఇన్‌ఛార్జ్ మేడం సొరుగులో పెట్టాం. రేపు స్టోర్‌కి పంపించమని చీటీ రాసి పైన పిన్ను కొట్టాను.