సంతకం పడేదాకా రాజీనామా పెట్టకండి

లండన్‌లో ఐటీ కాంట్రాక్టులు చేసే మన పిల్లల్ని చూస్తుంటే నాకు బెంగగా ఉంటుంది. పనిలో ఎవరికీ తీసిపోరు, బేరం దగ్గరే నష్టపోతారు. పని చూపించే ఏజెంట్ ఫోన్ చేసి, రోజుకి ఎంత కావాలో 'బాల్‌పార్క్ ఫిగర్' చెప్పమంటాడు. ఉజ్జాయింపే కదా అని మొహమాటపడి తగ్గించి చెబితే, చివరిదాకా ఆ అంకె పట్టుకునే మాట్లాడతాడు.

అంకె చెప్పే ముందు, ఆ పని ఐఆర్35 కిందికి వస్తుందా రాదా అని అడగాలి. కాంట్రాక్టరునైనా పన్ను విషయంలో ఉద్యోగిలాగే లెక్కగట్టే నిబంధన అది. 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు రంగంలోనూ పెద్ద, మధ్యస్థాయి కంపెనీలే ఆ సంగతి తేలుస్తున్నాయి. 'ఇన్‌సైడ్', అంటే దాని కిందికి వస్తుందని తేలిస్తే, చాలాసార్లు అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్లని తన ఉద్యోగులుగా పెట్టుకునే మధ్యవర్తి సంస్థ) ద్వారా జీతం తీసుకోవాలి. అప్పుడు యజమాని వాటా నేషనల్ ఇన్సూరెన్స్ (ప్రభుత్వానికి కట్టే సామాజిక బీమా) కూడా మనం మాట్లాడుకున్న రేటులోంచే పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి అది 15 శాతం. మన పన్నులు ఆ తర్వాత.

ఈ మధ్య గుంటూరు కుర్రాడొకడు మా వంటింట్లో కూర్చుని ఫోన్ స్పీకర్లో పెట్టాడు. రోజుకి తను 550 పౌండ్లు అడిగితే ఏజెంట్ 450 అన్నాడు. కాసేపాగి, 'లెట్స్ మీట్ ఇన్ ద మిడిల్' అన్నాడు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! కుర్రాడు తొణకలేదు. "ఇన్‌సైడా, ఔట్‌సైడా?" అని అడిగాడు. ఇన్‌సైడ్. అయితే 550కి పైసా తగ్గనన్నాడు. 'లీవ్ ఇట్ విత్ మీ' అని అవతలివాడు పెట్టేశాడు. కనుక్కుంటాననే తప్ప అందులో హామీ ఏమీ లేదు.

సాయంత్రానికి 540 ఖాయమని మెయిల్ వచ్చింది, పక్కనే 'సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్' అని.

"అన్నా, వచ్చేసినట్టేనా?"

"ఇంకా లేదురా. ఉన్న ఉద్యోగం వదలకు."

మనకి తాంబూలాలు పుచ్చుకుంటే పెళ్లి కుదిరినట్టే. ఇంగ్లండులో ఆ మూడు మాటలు రాశారంటే, మామూలుగా సంతకాలయ్యేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి లేనట్టు. 'అగ్రీడ్ ఇన్ ప్రిన్సిపల్' (సూత్రప్రాయంగా ఒప్పుకున్నాం) అన్నా దాన్ని నమ్ముకుని ఇల్లు మారకూడదు. వీసా ఇప్పుడున్న ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటే మరీ జాగ్రత్త.

కాగితం వచ్చాక ఇద్దరం వరసగా చదివాం. వాళ్లు ఆపేయాలంటే వారం నోటీసు చాలు, వీడు మానేయాలంటే నాలుగు వారాలు ఇవ్వాలి. సంతకం పెట్టకుండా వాడు మళ్లీ ఫోన్ తీశాడు.