నేరబైలు మడిలో పసుపు కప్పలు

తలకోన జలపాతం గురించి ఈసారి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. జూన్ చివర్లో, మొదటి పెద్ద వాన పడిన మర్నాడు నేనూ మా మేనకోడలూ పోయాం. 270 అడుగుల కొండ మీద నుంచి సన్నటి ధార ఒకటి జారుతోంది, అంతే. దానికి టికెట్టు, పైగా నేరబైలు నుంచి పోయి రావడానికి ఆటోకి 450 రూపాయలు. తిరుపతి నుంచి భాకరాపేట కనుమ దాటి ఇద్దరం బస్సులో వచ్చిన ఛార్జీ కూడా అంత కాలేదు. ఆ మంట కాసేపు ఉండింది.

నేరబైలు దాటగానే మా పిల్ల "మామా, ఆపమను, ఆపమను" అని అరిచింది. రోడ్డు పక్క దున్నకుండా వదిలేసిన మడి, పిక్కల దాకా ఎర్రనీళ్లు, అందులో ముప్పై నలభై కప్పలు. మాగిన నిమ్మపండు రంగు! ఇంత పసుపు నేను పూలలో చూశాను గానీ కప్పలో ఎప్పుడూ చూడలేదు. గట్టున కూర్చుని దగ్గరగా చూశాం. అరిచినప్పుడల్లా గొంతుకి అటొకటి ఇటొకటి రెండు బుడగలు ఉబ్బుతున్నాయి, అవి మాత్రం సిరాలో ముంచి తీసినట్టు నీలం. పక్కవాడు దగ్గరికొస్తే చాలు, మీదపడి తోసేస్తున్నాయి. ఆ అరుపులకి ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

ఆటో అతను కూడా దిగి వచ్చాడు. "ఇవి మన కప్పలు కావు సార్. మన బోదురు కప్పలు మట్టిరంగులో ఉంటాయి. ఇవి వానకి కొండ మీంచి కొట్టుకొచ్చినాయి" అన్నాడు.

మా పిల్ల తిరుపతిలో జువాలజీ చదువుతోంది. "అవే అన్నా ఇవి. జత కట్టే ఈ కొద్ది రోజులు మగవి పసుపుకి మారతాయి, తర్వాత మళ్లీ మామూలే. ఆడవి మారవు" అంది. అతను ఒప్పుకోలేదు. "ఊరు మారితే రంగు మారదా? మా అత్తగారిది పీలేరు దగ్గర, ఆడ ఒక్కటి కూడా ఇట్లాంటిది చూడలేదు నేను."

ఆ ప్రశ్న నన్ను రోజంతా వదల్లేదు. తలకోనలో భోజనం చెప్పి ముప్పావు గంట కూర్చున్నాం, అంతసేపూ అదే మాట్లాడుకున్నాం. ఊరు మారితే రంగు మారే కప్పలు నిజంగానే ఉన్నాయట. మధ్య అమెరికాలో, పనామాలో బోకాస్ డెల్ టోరో అనే దీవుల దగ్గర 2 సెంటీమీటర్ల విషపు కప్ప ఒకటి ఉంది, స్ట్రాబెరీ కప్ప అంటారు. సొలార్తే దీవిలో అది నారింజ రంగు, వేరే చోట్ల ఆకుపచ్చ, నీలం, బాస్టిమెంటోస్ అనే ఒక్క దీవిలోనే ఎర్రవీ పసుపువీ ఉన్నాయి. పక్కన కోస్టారికాలో ఒళ్లు ఎరుపు, కాళ్లు నీలం. అన్నీ ఒకటే జాతి. సముద్రం పెరిగి ఆ దీవులు విడిపోయింది గత 10,000 ఏళ్లలోనే, భూమి వయసుకి అది నిన్నా మొన్నా కింద లెక్క. చాలాచోట్ల ఆడకప్ప తన చోటి రంగు మగవాణ్నే కోరుకుంటుంది కాబట్టి ఆ తేడా అట్లా నిలబడిపోతోంది. ఆ రంగు పుట్టుకతో వచ్చేది, మన బోదురు కప్పకి మాదిరి వానతో వచ్చి పోయేది కాదు.

చేతులు కడుక్కునే చోట తడిలో రెండు చిన్న కప్పలు కనపడ్డాయి, మన గుంటల్లో ఉండే మామూలువే. ఒకదాని వీపు మీద ముక్కు నుంచి వెనక దాకా తెల్లటి గీత, సున్నంతో గీసినట్టు. రెండోదానికి గీతే లేదు. నేనైతే రెండు జాతులనే చెప్పేవాణ్ని. ఒకే జాతిలో ఆ గీత కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదట. అదే సమయంలో, అచ్చం ఒకేలా కనపడేవి జన్యువులు పోల్చి, అరుపులు రికార్డు చేసి చూస్తే వేరువేరు జాతులని తేలుతుంటాయట. కంటికి తేడా కనపడితే జాతి వేరు అనుకోవడానికి లేదు, ఒకేలా ఉంటే ఒకటే అనుకోవడానికీ లేదు.

తర్వాత మా పిల్ల చెప్పింది విని అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. శ్రీలంకలోనే ఉంటాయనుకున్న రెండు జాతుల కప్పలు ఒకటి ఈ శేషాచలంలో, ఒకటి పలమనేరు దగ్గర కౌండిన్య అడవిలో దొరికాయని జంతు సర్వేక్షణ శాస్త్రవేత్తలు ఈమధ్యే చెప్పారు. మాది పలమనేరే! మంచు యుగాల్లో సముద్రం కిందికి దిగినప్పుడు శ్రీలంకకీ మనకీ మధ్య నేల ఉండేది, కప్పలకి దారి ఉండేది. ఒళ్లు తడారితే బతకలేని ప్రాణికి ఎండిన మైదానం కూడా సముద్రమే. మేం అరగంటలో బస్సులో దాటే కనుమ, వాటికి ఎన్ని తరాల ప్రయాణమో.

చిన్నప్పుడు వానలు రాని ఏడు, పిల్లలం రోకలికి వేపమండలతో కప్పని కట్టి ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. మా అవ్వ బిందెడు నీళ్లు దాని మీద పోసి, దోసెడు బియ్యం ఇచ్చేది. ఆ కప్పది ఏ జాతో, ఏ రంగో ఎంత గుర్తు చేసుకున్నా రావడంలేదు, చేతికి తగిలిన ఆ చల్లదనం మాత్రం గుర్తుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆ మడి దగ్గర ఎవరూ చెప్పకుండానే ఆటో ఆగింది. అతనే ముందు దిగి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి వేలు పెట్టి చూపించాడు. గడ్డి పక్కన మట్టిరంగు కప్ప, పెద్దది, దాని వీపు పట్టుకుని పసుపుది.

"ఆడది మన కప్పే సార్" అన్నాడు నెమ్మదిగా. "అయితే వీడు పెళ్లికని పసుపు పూసుకున్నాడన్నమాట."

మా పిల్ల ఫోన్లో ఆ అరుపులు రికార్డు చేసుకునేదాకా ఇంజన్ వెయ్యకుండా నిలబడ్డాడు.