ఐదో అధ్యాయం దగ్గర తెరిచి ఇచ్చిన పుస్తకం

ఏడో తరగతి అమ్మాయి ఒకరు మా బడి గ్రంథాలయం నుంచి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసుకువెళ్లి రెండో రోజే తిరిగి తెచ్చి ఇచ్చింది. “భూతం కథ అన్నారు కదా టీచర్, ఎంత చదివినా ఉత్తరాలే వస్తున్నాయి” అంది. ఆమె మాట నిజమే. ఉత్తర ధ్రువం వైపు ఓడలో బయలుదేరిన ఒక యాత్రికుడు తన సోదరికి రాసే నాలుగు ఉత్తరాలతో ఆ నవల మొదలవుతుంది. ఆ తర్వాత కథానాయకుడైన శాస్త్రవేత్త విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ బాల్యం, చదువు, ప్రయోగాలు వస్తాయి. అతడు తయారు చేసిన ప్రాణి కన్ను తెరిచేది ఐదో అధ్యాయంలో. పన్నెండేళ్ల పిల్ల అంతదూరం ఓపిక పడుతుందని అనుకోవడం నా పొరపాటు.

ఆ సాయంత్రం పుస్తకాన్ని అరలో పెట్టబోతూ ముందుమాట మరోసారి చదివాను. 1831 ముద్రణకు రాసిన ఆ ముందుమాటలో రచయిత్రి మేరీ షెల్లీ తాను ఈ కథను ఏ ఘట్టంతో రాయడం మొదలుపెట్టిందో స్వయంగా చెప్పింది. 1816 వేసవిలో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆమె తొలుత రాసింది ఓడను గురించి కాదు, నవంబరు నెలలోని ఒక దిగులు రాత్రిని గురించి. ఇప్పుడు ఐదో అధ్యాయం మొదలయ్యేది ఆ వాక్యంతోనే. (1818 నాటి తొలి పాఠాన్ని అనుసరించే ముద్రణల్లో ఇది మొదటి సంపుటంలోని నాలుగో అధ్యాయం.) రచయిత్రి కలం పట్టిన చోటే పాఠకురాలు పుస్తకం పడితే తప్పు లేదనిపించింది.

మర్నాడు ఆ పేజీ తెరిచి ఆ అమ్మాయి చేతికి ఇచ్చాను. రాత్రి ఒంటి గంట. కిటికీ అద్దాల మీద వాన చప్పుడు. ఆరిపోవడానికి సిద్ధంగా ఉన్న కొవ్వొత్తి. ఆ కాస్త వెలుతురులో మెల్లగా తెరుచుకున్న ఒక పసుపుపచ్చని కన్ను. ఆ పేజీని ఆమె బీరువా పక్కన నిలబడే చదివేసింది. ఈసారి పుస్తకం మూడు వారాల దాకా తిరిగి రాలేదు. వచ్చినప్పుడు మొదటి ఉత్తరాలు కూడా చదివానని చెప్పింది. చివర్లో మళ్లీ ఓడ కనిపించేసరికి, ఈ కథంతా వింటున్న ఆ మనిషి ఎవరో తెలుసుకోకుండా ఉండలేకపోయిందట.

అంతకు ముందు చాలా ఏళ్లు నేను పిల్లలకు క్లాసిక్ సాహిత్యాన్ని పరిచయం చేసిన తీరు వేరు. రచయిత పుట్టిన సంవత్సరం, రచనల జాబితా, ఆ పుస్తకం ఎందుకు గొప్పదో నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు శ్రద్ధగానే రాసుకునేవారు, పుస్తకం మాత్రం అడిగేవారు కాదు. గొప్పతనం గురించి ముందే చెబితే వాళ్లకు అది పరీక్షలో వచ్చే ప్రశ్నలా వినిపిస్తుందని ఇష్యూ రిజిస్టర్‌లోని ఖాళీ గడులు చూశాకే నాకు అర్థమైంది.

ఇప్పుడు లైబ్రరీ పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఏదో ఒక పుస్తకంలోని ఒకే ఘట్టాన్ని పైకి చదువుతాను. ఇటీవల 1719లో వెలువడిన ‘రాబిన్సన్ క్రూసో’లోని పాదముద్ర ఘట్టం చదివాను. ఏళ్ల తరబడి ద్వీపంలో ఒంటరిగా బతుకుతున్న మనిషి ఒక మధ్యాహ్నం తన పడవ వైపు నడుస్తూ ఇసుకలో ఒక మనిషి వట్టికాలి ముద్ర చూస్తాడు. చెవి ఒగ్గి వింటాడు, మెరక ఎక్కి చూస్తాడు, ఎవరూ ఉండరు. ఇంటి వైపు పరుగెడుతూ రెండు మూడు అడుగులకొకసారి వెనక్కి తిరిగి చూస్తాడు, దూరాన కనబడే ప్రతి పొదా అతడికి మనిషిలాగే తోస్తుంది. అక్కడ ఆపి పుస్తకం మూశాను. ఒక్క పాదమే ఎందుకు ఉంది, రెండోది ఏమైంది అని పిల్లలు వాదులాడుకున్నారు. అలకు కొట్టుకుపోయిందని ఒకరు, రెండో కాలు రాతి మీద పడి ఉంటుందని మరొకరు. ఆ పూట ఆ పుస్తకానికి నలుగురు పేర్లు రాయించుకున్నారు.

వారిలో ఒక బాబు తర్వాత వచ్చి, “ఫ్రైడేకి అంతకు ముందు పేరు లేదా టీచర్?” అని అడిగాడు. ఫ్రైడే ఆ ద్వీపంలో క్రూసో కాపాడిన మనిషి. క్రూసో అతడి పేరు అడగడు. దొరికిన రోజును బట్టి తానే ఒక పేరు పెట్టి, తనను ‘యజమాని’ అని పిలవడం నేర్పుతాడు. ఇద్దరం కలిసి ఆ పేజీలు తిరగేశాం, అసలు పేరు ఎక్కడా లేదు. మూడు వందల ఏళ్ల నాటి పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వడానికి వెనుకాడేవారు ఇలాంటి చోట్లనే చూపిస్తారు. నా అభిప్రాయం వేరు: ఆ బాబుకు ఆ ప్రశ్న తోచింది పుస్తకం చదివినందువల్లనే, దాన్ని దాచిపెట్టినందువల్ల కాదు.

సంక్షిప్త ప్రతుల మీద నాకు చిన్నచూపు లేదు, కానీ అవి ఏమి వదిలేస్తాయో పిల్లలకు తెలియాలి. 1726 నాటి ‘గలివర్ యాత్రలు’లో నాలుగు ప్రయాణాలున్నాయి, పిల్లల కోసం కుదించినవాటిలో తరచుగా మరుగుజ్జుల దేశం, మహాకాయుల దేశం మాత్రమే మిగులుతాయి. అందుకే రెండు ప్రతులనూ పక్కపక్కనే పెడతాను. ఆకాశంలో తేలే ద్వీపం, మనుషులకన్నా వివేకం గల గుర్రాలు ఈ లావు పుస్తకంలో ఉన్నాయని చెబితే చాలు, కొందరి చేయి దాని మీదికి వెళ్తుంది.

ఈ నెల నుంచి ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను వారానికి కొంత చొప్పున చదువుతున్నాం. డికెన్స్ దాన్ని 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు వారపత్రికలో ధారావాహికగా ప్రచురించాడు. తొలి పాఠకులు కూడా ఇలాగే వారం వారం ఎదురుచూశారని పిల్లలకు చెప్పాను. కథ చెప్పే పిల్లవాడు పిప్ తన ఇంట్లోంచి తిండి, కొలిమిలోంచి ఆకురాయి దొంగిలించి మంచు కమ్మిన చిత్తడి నేలల వైపు పరుగెత్తే దగ్గర పోయిన వారం ఆపాను. ఆగలేనివారు ముందుకు చదువుకోవచ్చని పుస్తకాన్ని బల్ల మీదే ఉంచాను. నిన్న చూస్తే అందులో మూడు గుర్తు కాగితాలు, మూడు వేర్వేరు పేజీల్లో ఉన్నాయి.