ఆగిపోయిన టైమ్

నిన్న రాత్రంతా సీసీ కెమెరా స్క్రీన్ మీద గోడౌన్ గేటు కనిపిస్తూనే ఉంది. వాచ్‌మన్ బాబాయ్ కళ్లార్పకుండా చూస్తూనే కూర్చున్నాడు. పొద్దున్నే నేను వెళ్లి చూస్తే, పైమూల టైమ్ 11:42:07 దగ్గరే ఆగిపోయి ఉంది. ఎలుకలు కేబుల్ కొరికేశాయి. దాదాపు ఏడు గంటలు ఆయన చూసింది ఒకే బొమ్మని.

మిర్చి బస్తాలు భద్రంగానే ఉన్నాయి. కానీ ఆ సెటప్ చేసింది నేనే. కాళ్లలో వణుకు పుట్టింది.

వైరు తెగినప్పుడు కెమెరా చెప్పి వెళ్లదు. రికార్డర్ మాత్రం కనెక్షన్ ఉందనే అనుకుని అలాగే ఎదురుచూస్తుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో టీసీపీ కీప్‌అలైవ్ (అవతలివైపు కనెక్షన్ ఇంకా ఉందా అని అడిగి చూసే ఏర్పాటు) ఆన్ చేసినా, డిఫాల్ట్‌గా 7,200 సెకన్లు మౌనంగా గడిచాకే మొదటిసారి పలకరిస్తుంది. జవాబు రాకపోతే 75 సెకన్లకోసారి, మొత్తం 9 సార్లు. అంటే రెండు గంటల పైమాటే. నేను అది కూడా ఆన్ చేయలేదు.

ఇవాళ మార్చేశాను. 5 సెకన్లు ఒక్క ఫ్రేమ్ కూడా రాకపోతే పాత బొమ్మ తీసేసి స్క్రీన్ నల్లగా అవ్వాలి, బజర్ మోగాలి.

సాయంత్రం వైరు పీకి చూశాం. మోగింది. బాబాయ్ టార్చి తీసుకుని అప్పటికే గేటు వైపు నడుస్తున్నాడు.