మూడు చక్రాల బండిని ఇంట్లో పైకెత్తడం గురించి

డల్లాస్ శివార్లలోని మా ఇంటి గ్యారేజీలో, కారు పక్కన, ఒక క్యాన్‌ఆమ్ స్పైడర్ ఎఫ్3 ఉంటుంది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, నడుమ 1330 సీసీ రోటాక్స్ ఇంజిన్, మొత్తం మీద నాలుగు వందల కిలోలకు అటూ ఇటుగా బరువు. ఆయిల్ మార్చాలన్నా, అరిగిపోయిన వెనక టైరును విప్పాలన్నా దీన్ని నేల మీద నుంచి కాస్త పైకి లేపక తప్పదు. మామూలు మోటార్ సైకిల్‌కు ఉండే సెంటర్ స్టాండు దీనికి లేదు. కారును లేపే పద్ధతి దీనికి సరిపోదన్న సంగతి నాకు మొదటిసారే, అదృష్టవశాత్తు పెద్ద నష్టమేమీ లేకుండా, తెలిసివచ్చింది.

ఆ రోజు నేను కారుకు చేసినట్టే ముందు భాగం మధ్యలో ఫ్లోర్ జాక్ (చిన్న చక్రాల మీద నేలపై దొర్లే జాక్) పెట్టి రెండు చక్రాలనూ ఒకేసారి లేపాను. రెండు అంగుళాలు లేచాక, కింది ప్యానెల్ బోల్టు బిగుసుకుపోయి ఉంటే పానా మీద గట్టిగా బలం వేశాను. బండి నెమ్మదిగా ఎడమవైపు ఒరిగి, ఆ వైపు చక్రం నేలను తాకి ఆగింది. జాక్ తలకాయ అంగుళం మేర జారి, ఫ్రేము మీది నల్లరంగును గీసుకుపోయింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. అప్పటికి నా చెయ్యి మాత్రమే బండి కిందికి వెళ్లింది, తల వెళ్లలేదు.

తరవాత కాగితం మీద బొమ్మ గీసుకుంటే తప్పు ఎక్కడుందో అర్థమైంది. మూడు చక్రాలు నేలను తాకే మూడు చోట్లనూ కలిపితే త్రిభుజం వస్తుంది, బండి గరిమనాభి, అంటే బరువంతా కూడినట్టుండే చోటు, ఆ త్రిభుజానికి సరిగ్గా పైన ఉన్నంతసేపు బండి ఒరగదు. ముందు రెండు చక్రాలనూ ఒక్క జాక్ మీద లేపిన మరుక్షణం నేల మీద మిగిలేవి రెండే ఆధారాలు, నడుమ జాక్ ఒకటి, వెనక చక్రం ఒకటి. రెండు చుక్కలను కలిపితే వచ్చేది గీతే కదా, ఆ గీత మీద నాలుగు వందల కిలోలు నిలబడాలంటే గోడ మీది పిల్లి చందమే. నాలుగు చక్రాల కారుకు ముందు భాగం మధ్యలో జాక్ పెట్టి లేపినా, వెనక రెండు చక్రాలూ నేల మీదే ఉండి త్రిభుజం మిగులుతుంది. స్పైడర్‌కు ఆ వెసులుబాటు లేదు.

మా బాబాయి తెనాలిలో ఆటో నడిపేవాడు. ఆటోకు చక్రాల అమరిక దీనికి సరిగ్గా తలకిందులు, ముందు ఒకటి, వెనక రెండు. కాబట్టి ముందు చక్రాన్ని లేపినా వెనక రెండూ పట్టి ఉంచుతాయి. అయినా ఆయన ముందుగా వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టనిదే దేన్నీ ముట్టుకునేవాడు కాదు, నేను తొందరపడితే "ఒరేయ్, ముందు రాయి పెట్టు, తరవాతే పానా" అని కసిరేవాడు. పెద్ద పని పడినప్పుడు నలుగురిని పిలిచి ఆటోను ఏకంగా పక్కకు వాల్చేసేవారు, అడుగుభాగమంతా ఎదురుగా కనిపించేది. వీధిలో అది రోజూ చూసే దృశ్యమే అయినా, ట్యాంకు మూతలోంచి పెట్రోలు కారడం, బ్యాటరీ ఆసిడ్ ఒలకడం కూడా నాకు బాగా గుర్తున్నాయి. స్పైడర్‌ను అలా వాల్చే ఆలోచనే ఎవరూ చేయకూడదు.

ఇప్పుడు నేను ముందు భాగాన్ని లేపే పద్ధతి వేరు. పార్కింగ్ బ్రేక్ వేసి, వెనక చక్రానికి ముందూ వెనకా రబ్బరు దిమ్మలు అడ్డం పెడతాను. జాక్‌ను మధ్యలో కాకుండా ఒక పక్క ఫ్రేము గొట్టం కింద పెట్టి, ఆ పక్క చక్రాన్ని మాత్రమే రెండంగుళాలు లేపి, అక్కడే ఫ్రేము కింద జాక్ స్టాండును (లేపిన బరువును మోసే, ఎత్తు మార్చుకోగల ఇనుప కాళ్ల పీటను) అత్యంత తక్కువ ఎత్తులో పెడతాను. అప్పుడు రెండో ముందు చక్రం, వెనక చక్రం, స్టాండు కలిసి త్రిభుజమవుతాయి. తరవాత జాక్‌ను రెండో పక్కకు మారుస్తాను. ఇంకా ఎత్తు కావాలంటే రెండు పక్కలా మార్చి మార్చి ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోవాలి. ఒకే పక్కను ఎక్కువ లేపితే బండి వాలి, అవతలి స్టాండు కాళ్లలో ఒకటి నేల వదిలేస్తుంది. పని సాగదీసినట్టు అనిపిస్తుంది కానీ, ఎక్కడా ఆధారం గీతగా మారదు.

జాక్ గురించి ఒక్క మాట. ఫ్లోర్ జాక్ తల నిట్టనిలువుగా లేవదు, చేయి తిరిగినట్టు వంపులో లేస్తుంది, అందుచేత లేస్తున్నకొద్దీ జాక్ తన చక్రాల మీద కాస్త ముందుకు దొర్లాలి. చిన్న గులకరాయి అడ్డుపడినా జాక్ కదలక, తల ఫ్రేము మీద జారుతుంది. అందుకే ముందు చీపురుతో నేల ఊడ్చుకుంటాను. బండి కింద ఖాళీ పదకొండున్నర సెంటీమీటర్లకు మించదు కనుక తక్కువ ఎత్తు జాకే కొనాలి. దాని తలకూ ఫ్రేముకూ మధ్య గట్టి చెక్క పెట్టుకోవాలి. ఆయిల్ పాన్ కింద, సైలెన్సర్ గొట్టం కింద ఎప్పుడూ పెట్టకూడదు.

జాక్ లేపడానికే, మోయడానికి కాదు. లోపలి నూనెను పట్టి ఉంచే సీలు ఎప్పుడు కారుతుందో చెప్పలేం. స్టాండ్ల విషయంలోనూ నాకు పళ్లు పట్టే రకం కన్నా ఇనుప పిన్ను అడ్డంగా దూర్చే రకం మీదే నమ్మకం. బరువు పడ్డాక పళ్ల పట్టు జారే ప్రమాదముందని 2020లో అమెరికాలో లక్షల కొద్దీ స్టాండ్లను వెనక్కి తీసుకున్నారు. ఇక్కడి ఎండలకు డ్రైవ్‌వేలో తారు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి కనుక ఈ పని కాంక్రీటు మీదే చేయాలి.

వెనక టైరు మార్చేటప్పుడు త్రిభుజం బాగానే ఉంటుంది, ముందు రెండు చక్రాలూ వెడల్పుగా నేల మీదే ఉంటాయి. అక్కడ మోసం చేసేది బ్రేకు. పార్కింగ్ బ్రేక్ గానీ గేరు గానీ పట్టేది వెనక చక్రాన్నే, అది గాల్లోకి లేచాక ఆ రెండూ ఉన్నా లేనట్టే. పైగా నీళ్లు బయటికి పోవడానికి మా గ్యారేజీ నేల తలుపు వైపు కాస్త వాలుగా పోశారు, గోళీ వేసి చూస్తే మెల్లగా దొర్లుకుంటూ బయటికి పోతుంది. అందుకని ముందు చక్రాలు రెండింటికీ, ఒక్కోదానికి ముందూ వెనకా, మొత్తం నాలుగు దిమ్మలు పెడతాను. ఇరుసు నట్టును బండి నేల మీద ఉండగానే వదులు చేసుకుంటాను, లేపిన బండి మీద అంత బలం వేయడం కోరి ఆపద తెచ్చుకోవడమే. లేపాక వెనక చక్రానికి ముందు, ఫ్రేముకు రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, బరువంతా వాటి మీదికి దించి, హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఊపి చూస్తాను. కదలకపోతేనే కూర్చుంటాను. విప్పిన పాత చక్రాన్ని ఫ్రేము కిందికి తోసి ఉంచుతాను, అన్నీ విఫలమైతే బండి దాని మీద పడుతుంది.

పని చేస్తున్నంతసేపూ మా ఆవిడ పావుగంటకోసారి తలుపు తెరిచి "ఏవండీ, ఉన్నారా?" అని అడుగుతుంది. అది మేం ముందే అనుకున్న ఏర్పాటు. దించేటప్పుడు జాక్ మళ్లీ ఆనించి, స్టాండ్లు తీసి, జాక్ వాల్వును వేలి కొసతో తిప్పినట్టు కొద్దికొద్దిగా వదలాలి. టైరు నేలను తాకి, బండి బరువు సస్పెన్షన్ మీదికి దిగాక మాత్రమే టార్క్ పానాతో (ఎంత బలంతో బిగించామో చూపే పానాతో) ఇరుసు నట్టును కంపెనీ పుస్తకంలో ఉన్న కొలతకు బిగించి, ఆ తరవాత దిమ్మలు తీస్తాను.